తాతకు తాత పేరు ఏ కాగితంలో ఉంటుంది?

తద్దినం పెట్టేటప్పుడు పురోహితుడు మూడు పేర్లు అడుగుతాడు: తండ్రి, తాత, ముత్తాత. ఆ మూడూ చెబితే తంతు నడిచిపోతుంది. నాలుగో పేరుతో ఎవరికీ పని పడదు. అందుకే చాలా ఇళ్లలో జ్ఞాపకం అక్కడే ఆగిపోతుంది. ఆ తంతు లేని ఇళ్లలో ఇంకో తరం ముందే ఆగుతుంది.

ఈమధ్య మాత్రం ఆ పాత పేర్లతో పని పడుతోంది. 2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగినప్పుడు 2003 నాటి జాబితాలో తమ పేరో, తల్లిదండ్రుల పేరో ఉందా అని లక్షల మంది వెతుక్కున్నారు. తర్వాత అది తమిళనాడుతో సహా మరికొన్ని రాష్ట్రాలకు విస్తరించింది. చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ పాత జాబితాలు తిరగేశాయి. తెలంగాణలో భూముల రికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వేతో ‘ఈ పట్టా ఎవరి పేరు మీద నుంచి ఎవరికొచ్చింది’ అన్న ప్రశ్న మళ్లీ లేచింది. మారిషస్‌లోని భారతీయ సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారతీయ పౌరసత్వ) కార్డు ఇస్తామని 2024 మార్చిలో మన ప్రభుత్వం ప్రకటించాక, అక్కడి తెలుగువాళ్లకు కూడా ముత్తాతల ఊళ్లతో అవసరం పెరిగింది.

అవసరం వచ్చిన ప్రతివాళ్లూ ముందు అనుకునేది ఒక్కటే: ఎక్కడో ఒక ప్రభుత్వ ఆఫీసులో మన వంశం లిస్టు ఉండే ఉంటుంది, అడిగితే ఇస్తారు. అలాంటి లిస్టు ఎక్కడా లేదు.

కాగితం మన కోసం పుట్టలేదు

ఏ పాత రికార్డూ మనుషుల్ని గుర్తుపెట్టుకోవడానికి రాసింది కాదు. శిస్తు ఎవరు కట్టాలో తేల్చడానికి ఊరి భూముల లెక్క అడంగల్ పుట్టింది. శిస్తు ఎవరికి మినహాయించాలో తేల్చడానికి ఇనాం రిజిస్టరు పుట్టింది. బాప్టిజం ఎవరికిచ్చారో చూసుకోవడానికి చర్చి పుస్తకం, ఏ కూలీ ఏ ఓడెక్కాడో లెక్క తప్పకుండా ఉండటానికి ఓడల జాబితా వచ్చాయి. కాబట్టి మన పూర్వీకుడి పేరు దొరకాలంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఆయన పేరు రాసుకోవాల్సిన అవసరం అప్పట్లో ఎవరికి వచ్చి ఉంటుంది?

చాలామంది ఆశపడే జనాభా లెక్కలనే తీసుకోండి. బ్రిటన్‌లో వందేళ్లు, అమెరికాలో 72 ఏళ్లు దాటిన జనగణన పత్రాలను ఇంటింటి వివరాలతో సహా జనానికి తెరిచి పెడతారు. అక్కడి వంశవృక్షాలకు అవే వెన్నెముక. మన దగ్గర 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం ఏ ఇంటి వివరాలూ ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. 1931 దాకా ప్రతి జనగణనలో కులం రాసుకున్నారు నిజమే. కానీ మనకు మిగిలింది జిల్లాలవారీ అంకెలే, మనుషులు కాదు. ఆ దారి మూసుకుపోయినట్టే.

జనన మరణాల రిజిస్టరు కూడా ఊహించుకున్నంత లోతుకు వెళ్లదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1899లో దీనికి చట్టం వచ్చింది. ఊళ్లో ఆ పుస్తకం మునసబు చేతిలో ఉండేది. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో వచ్చింది. పాత పుస్తకాల్లో బిడ్డ పేరు చాలాసార్లు ఉండదు. పుట్టిన వారం రోజులకు మునసబుకు చెప్పేనాటికి బిడ్డకు పేరే పెట్టి ఉండరు. ‘ఫలానా రామయ్యకు మగశిశువు’ అని ఉంటుంది, అంతే. ఆ రామయ్యకు ఆరుగురు పిల్లలుంటే, పుట్టిన తేదీ దాదాపుగానైనా తెలియకుండా ఆ పుస్తకం మనకు ఉపయోగపడదు.

ముందు తేలాల్సింది మనిషి కాదు, ఊరి సరిహద్దు

రికార్డులు మనుషుల వెంట పోవు. ఊరు అప్పట్లో ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కచేరీలో ఉండిపోతాయి. ఏలూరు పక్కన ఒక ఊరిని తీసుకుందాం. 1859లో అది గోదావరి జిల్లా. 1904లో కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 2022లో ఏలూరు జిల్లా అయింది. ఊరు అంగుళం కదలలేదు, జిల్లా పేరు మూడుసార్లు మారింది. 1890 నాటి ఫైలు కోసం ఏలూరు కలెక్టరేట్‌లో అడిగితే ‘లేదు’ అంటారు, అది అబద్ధం కాదు.

భద్రాచలం సంగతి ఇంకా చిక్కు. 1874 దాకా మధ్య పరగణాల్లో ఉంది. తర్వాత గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మానికి వెళ్లింది. 2014లో చుట్టుపక్కల కొన్ని మండలాలు మళ్లీ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. ఇక ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి 1936 దాకా గంజాం జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950లో గానీ పుట్టలేదు. వీటికి తోడు 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31, తర్వాత 33 అయ్యాయి.

ప్రెసిడెన్సీ స్థాయి పాత ఫైళ్లకు ఇప్పటికీ చెన్నై ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కే వెళ్లాలి. నిజాం పాలన దస్త్రాలు, అంతకంటే వెనకటి మొఘల్ కాలపు ఫారసీ పత్రాలు హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఊరి స్థాయి కాగితం మాత్రం ఎక్కువగా తహసీల్దారు ఆఫీసు, కలెక్టరేట్ రికార్డు గది, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుల్లోనే ఉంటుంది. పెద్ద ఆర్కైవ్స్‌కు పరుగెత్తే ముందు ఈ తేడా తెలియకపోతే రైలు ఛార్జీలు దండగ.

కోస్తా, సీమల్లో భూమి కాగితాలు

తెలుగు ఊళ్లలో అన్నిటికంటే వెనక్కి తీసుకెళ్లేది ఇనాం రిజిస్టరు. గుళ్లో పూజకో, వేదం చెప్పినందుకో, చెరువు తవ్వినందుకో, ఊరి కొలువుకో పాత రాజులు, నవాబులు, జమీందార్లు శిస్తు లేకుండా ఇచ్చిన భూములే ఇనాములు. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను పెట్టి, 1860లలో ఒక్కో ఇనామునూ విచారించింది. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు, ఆయన వయసెంత, మొదటి ఇనాందారుకు ఏమవుతాడు, వారసులెవరు? ఇవన్నీ గళ్లు గీసి రాశారు. దాన్నే ఇనాం ఫెయిర్ రిజిస్టరు అంటారు. ఒక్కో ఇనాముకు టైటిల్ డీడ్ ఇచ్చారు. రెవెన్యూ వాళ్లు టీడీ నంబరు అనేది దాన్నే.

ఒక ఊహా పద్దును విప్పి చూద్దాం. 1862లో ‘అనుభవదారు వెంకటశాస్త్రి, వయసు 45, మొదటి ఇనాందారుకు మునిమనవడు’ అని ఉందనుకోండి. వెంకటశాస్త్రి పుట్టింది దాదాపు 1817. తరానికి 28 ఏళ్ల చొప్పున మూడు తరాలు వెనక్కి వెళితే ముత్తాత పుట్టింది 1730ల్లో. ఇనాం ఆయన చేతికొచ్చింది బహుశా 1750 తర్వాత. అంటే ఒక్క పద్దు మనల్ని దాదాపు 270 ఏళ్లు వెనక్కి తీసుకుపోయింది. ఇందులో ఒక మెలిక ఉంది. శిస్తు మినహాయింపు నిలబెట్టుకోవాలంటే ఇనాం పాతదని, వారసత్వం తెగలేదని చూపించాలి. అవసరం అలాంటిదైనప్పుడు వంశావళిని కొంచెం ‘సరిచేసి’ చెప్పినవాళ్లూ ఉండి ఉంటారు. రిజిస్టరులో ఉన్నంత మాత్రాన అది రక్తసంబంధానికి రుజువు కాదు, అప్పటి విచారణలో నిలబడిన వాదన, అంతే.

ఇనాం లేని మామూలు రైతుకు రైత్వారీ సర్వే రికార్డే దిక్కు. సీమ జిల్లాలు 1800లో నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చాయి. దత్త మండలాలన్న పేరు అప్పటిదే. కంపెనీ అధికారి థామస్ మన్రో అక్కడ రైతు రైతుకూ శిస్తు కట్టే పద్ధతికి పునాది వేశాడు. తర్వాతి సెటిల్‌మెంటు రిజిస్టర్లలో సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. రీసెటిల్‌మెంటు రిజిస్టరును ఇప్పటికీ ఆర్ఎస్ఆర్ అనీ, ఇంగ్లీషు తెలుగు రెండింట్లో ఉన్న దాన్ని డైగ్లాట్ అనీ పిలుస్తారు. భూవివాదాల్లో లాయర్ల నోట రోజూ వినపడే పేర్లే ఇవి. కాకపోతే ఇందులో పట్టాదారు పేరే ఉంటుంది. ఆయన భార్యా, తమ్ముళ్లూ ఎవరో అది చెప్పదు.

జమీందారీ ఊళ్లలో ఈ దారి కూడా లేదు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, వెంకటగిరి లాంటి సంస్థానాల కింది ఊళ్లలో ప్రభుత్వానికి కావాల్సింది జమీందారు కట్టే పేష్కషు, అంటే కప్పం. రైతు పేరు జమీందారు ఠాణా (కచేరీ) లెక్కల్లో ఉండేది, ఆ లెక్కలు అన్నిచోట్లా బతకలేదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత 1950లలో సర్వే చేసి రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లోనే అక్కడి రైతులు చాలామంది మొదటిసారి ప్రభుత్వ పుస్తకానికి ఎక్కారు. ఉత్తరాంధ్ర కుటుంబాలు ‘మాకు పాత కాగితాలేం దొరకట్లేదు’ అనడానికి పెద్ద కారణం ఇదే. అది వాళ్ల నిర్లక్ష్యం కాదు.

తెలంగాణలో సేత్వార్, ఖాస్రా, ముంతఖబ్

నిజాం దివాను మొదటి సాలార్ జంగ్ సంస్కరణల తర్వాత నిజాం రాజ్యంలో దివానీ ఊళ్లలో, అంటే సర్కారు నేరుగా పాలించే ఊళ్లలో సర్వే జరిగింది. ఆ సెటిల్‌మెంటు రికార్డు సేత్వార్. తర్వాతి కాలంలో ఏటా రాసేది పహాణీ. ఊళ్లో ఇవన్నీ పట్వారీ చేతిలో ఉండేవి. మాలీ పటేలు శిస్తు చూసేవాడు, పోలీసు పటేలు తగాదాలు చూసేవాడు. రాత మొదట ఫారసీలో, 1880ల నుంచి ఉర్దూలో. అందుకే వరంగల్ మనవడికి తన ముత్తాత పట్టా కళ్లెదురుగా ఉన్నా చదవడం రాదు. పాతబస్తీలో ఉర్దూ దస్తావేజులు చదివిపెట్టే పెద్దవాళ్లను పట్టుకోవాలి.

ఎక్కువమందికి తెలిసింది ఖాస్రా పహాణీ. 1954–55లో ఊరూరా తయారైన ఈ రికార్డులో పట్టాదారు ఒక గడిలో, కబ్జాలో ఉన్నవాడు ఇంకో గడిలో కనిపిస్తారు. దాని వెంటనే 1955–58కి చేసాల పహాణీ. ఇవి కోర్టుల్లో ఎంత వాదనకు కారణమైనా, వంశం వెతికేవాళ్లకు మాత్రం బంగారం. భూమి ఎవరి పేరు మీద ఉందో, ఎవరు దున్నుతున్నారో ఒకేచోట తెలుస్తుంది.

జాగీరు ఊళ్ల కథ కోస్తా జమీందారీల్లాంటిదే. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా లెక్కలు జాగీర్దారు మనుషుల దగ్గర ఉండేవి. అయితే ఇనాందార్లు, జాగీర్దార్ల కుటుంబాల వరకు అతియాత్ (సర్కారు ఇచ్చిన ఇనాములు, జాగీర్ల) విచారణ ఫైళ్లున్నాయి. ఒక హక్కుదారు చనిపోతే వాటా ఎవరెవరికి పోవాలో ‘విరాసత్’ విచారణ చేసి తేల్చేవాళ్లు. ఆ తీర్పు సారాంశమే ముంతఖబ్. విచారణ కోసం కుటుంబాలు దాఖలు చేసిన వంశవృక్షాలు ఆ ఫైళ్లలో కనిపిస్తాయి. ముస్లిం, బ్రాహ్మణ, కాయస్థ కుటుంబాలే కాదు, గుడి, మసీదు, దర్గా సేవల కుటుంబాలు కూడా ఇక్కడ తగులుతాయి.

ఒక తేదీని విప్పి చూద్దాం

పాత కాగితాల్లో ఇంగ్లీషు తేదీ ఉండదు, ఉన్నా పక్కన ఇంకో రెండు ఉంటాయి. సీమలో దొరికిన ఒక క్రయపత్రం మీద ‘ధాత నామ సంవత్సర పుష్యమాసం, ఫసలీ ౧౨౮౬’ అని ఉందనుకుందాం. ౧౨౮౬ అంటే 1286. ఫసలీ అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే 1876. మద్రాసు ప్రాంతంలో ఫసలీ జులై 1న మొదలవుతుంది కాబట్టి అది 1876 జులై నుంచి 1877 జూన్ దాకా. ధాత సంవత్సరం 1876 ఉగాది నుంచి 1877 ఉగాది దాకా. రెండూ కలిసే చోట పుష్యమాసం అంటే 1876 డిసెంబరు చివర, 1877 జనవరి. సరిగ్గా మహా కరువు నడుస్తున్న రోజులు. దాన్నే సీమలో ధాత కరువంటారు. ఆ నెలలో భూమి ఎందుకు అమ్మారో ఇక వేరే చెప్పక్కర్లేదు.

ఒట్టి సంవత్సరం పేరే ఉంటే చిక్కు. ధాత 1876లోనూ వస్తుంది, 1936లోనూ, 1996లోనూ వస్తుంది. ‘నందన కరువుకు వలస వచ్చాం’ అని గుంటూరు వైపు వాళ్లు చెబితే అది 1832–33 అని కరువు వల్ల తెలుస్తుంది. నందన పేరు ఒక్కటే అయితే 1892 కూడా కావచ్చు. హైదరాబాద్ ఫసలీ ఇంకో రకం. అది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. 1358 ఫసలీ అంటే 1948 అక్టోబరు నుంచి 1949 అక్టోబరు. జాగీర్ల రద్దు ఉత్తర్వు మీద 1358 ఫసలీ అని ఉండటం అందుకే.

ఒకే పేరు, ముగ్గురు మనుషులు

తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వంశం వెతికేవాళ్ల పాలిట శాపం. రామయ్య కొడుకు వెంకటసుబ్బయ్య, ఆయన కొడుకు మళ్లీ రామయ్య, ఆయన కొడుకు మళ్లీ వెంకటసుబ్బయ్య. 1870లో ఒక వెంకటసుబ్బయ్య, 1925లో ఇంకొకడు. ఇద్దరి తండ్రీ రామయ్యే, ఇంటిపేరూ ఒకటే. ఇదింకా నయం. ముగ్గురు అన్నదమ్ములూ తమ పెద్దకొడుక్కి తండ్రి పేరే పెడితే ఒకే ఊళ్లో ఒకే కాలంలో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు రామయ్యలు తయారవుతారు. ఊరు వాళ్లను పెదరామయ్య, చినరామయ్య, ‘చెరువుకింద రామయ్య’ అని విడదీసుకుంటుంది. కరణం ఆ పని చెయ్యకపోవచ్చు. ఇక్కడ సర్వే నంబరే కాపాడుతుంది: ఏ రామయ్య భూమి తర్వాత ఎవరి పేరుకు మారిందో చూసుకుంటూ పోవాలి. ఇల్లరికం అల్లుడు వచ్చిన చోట భూమి అదే ఇంట్లో ఉంటుంది, ఇంటిపేరు మారిపోతుంది. దత్తత పోయిన చోట గోత్రమే మారొచ్చు.

పేర్లు సాయం కూడా చేస్తాయి. ఊరు తెలియని పూర్వీకుడి పేరు పెంచలయ్య అయితే నెల్లూరు వైపు పెంచలకోన గుర్తుకొస్తుంది. అప్పన్న, సింహాచలం, కూర్మయ్య అయితే ఉత్తరాంధ్ర. కోటయ్య అయితే కోటప్పకొండ చుట్టుపక్కల. యాదయ్య యాదగిరిగుట్ట వైపు, కొమురయ్య కొమురవెల్లి వైపు, రాజన్న వేములవాడ వైపు. మస్తాన్, నాగూర్, పీరయ్య లాంటి పేర్లు హిందూ ఇళ్లలో ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు, దర్గా మొక్కులు అంత మామూలు. ఇవి రుజువులు కావు, ఏ వైపు వెతకాలో చెప్పే సైగలు.

రిజిస్ట్రారు ఆఫీసు, హద్దుల్లో చుట్టాలు

1860ల నుంచి దస్తావేజుల రిజిస్ట్రేషన్ ఉంది. ఇప్పుడున్న చట్టం 1908ది. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచే. అంతకుముందువి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఇండెక్సు పుస్తకాల్లో చూడాలి. స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో నంబరు పుస్తకం రుసుము కడితే ఎవరైనా చూడొచ్చు. వీలునామా నకలు మాత్రం రాసినవాడు బతికున్నంతకాలం ఇతరులకు ఇవ్వరు, చనిపోయాక అడిగినవాళ్లకు ఇస్తారు.

నా లెక్కన కుటుంబ చరిత్రకు వీటిని మించిన కాగితం లేదు. అడంగల్ ఒక పేరు చెప్పి ఊరుకుంటే, పాత దస్తావేజు తండ్రి పేరు, ఊరు, కులం, వృత్తి, అప్పు ఎందుకు చేశారో కూడా చెబుతుంది. ‘మా కుమార్తె వివాహ ఖర్చుల నిమిత్తం’ అన్న ఒక్క ముక్కతో ఒక పెళ్లి జరిగిన ఏడు తెలిసిపోతుంది. భాగపరిష్కార పత్రమైతే అన్నదమ్ములందరినీ ఒకేచోట కూర్చోబెడుతుంది. హద్దులను కూడా వదలకూడదు. ‘తూర్పు: ఇదే ఇంటిపేరు గల లక్ష్మయ్య భూమి, దక్షిణం: డొంక’ అని ఉంటే ఆ లక్ష్మయ్య అన్నో, పెదనాన్న కొడుకో అయ్యే అవకాశం ఎక్కువ. పంపకాల్లో చీలిన పొలాలు పక్కపక్కనే ఉంటాయి మరి.

ఆడవాళ్ల పేర్లు పట్టా రికార్డుల్లో దాదాపు కనపడవు. కనపడేది వితంతువుగానో, మైనరు కొడుకు సంరక్షకురాలిగానో. దస్తావేజుల్లో మాత్రం పసుపు కుంకుమల కింద కూతురికిచ్చిన ఎకరం, మనోవర్తి దావాలో గెలుచుకున్న భూమి ఉంటాయి. అక్కడే అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేరు దొరుకుతుంది. ఇనాం రిజిస్టర్లలో ఒక మినహాయింపు ఉంది: దేవదాసీల సేవా ఇనాములు ఆడవాళ్ల పేరు మీదే నమోదయ్యాయి. తల్లి నుంచి కూతురికి, పెంపుడు కూతురికి నడిచిన వంశం అక్కడ రాతలో ఉంది.

భూమి లేనివాళ్ల జాడ

ఇప్పటిదాకా చెప్పిందంతా భూమి ఉన్నవాళ్ల కథ. పాలేర్లు, కూలీలు, చేతివృత్తులవాళ్లు శిస్తు కట్టలేదు కాబట్టి ప్రభుత్వం వాళ్ల పేరు రాసుకోలేదు. ‘మీ వంశవృక్షం ఎంత పొడుగు’ అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు కులం, భూమి ముందే నిర్ణయించేశాయి.

అయినా కొన్ని దారులున్నాయి. దళిత కుటుంబాలకు ముఖ్యమైనది చర్చి బాప్టిజం రిజిస్టరు. ఒంగోలు ప్రాంతంలో 1878 జులై 3న, ఒక్క రోజులో 2,222 మందికి అమెరికన్ బాప్టిస్టు మిషన్ బాప్టిజం ఇచ్చింది. గుంటూరులో లూథరన్లు 1842 నుంచి, మచిలీపట్నంలో సీఎంఎస్ (చర్చి మిషనరీ సొసైటీ) 1841 నుంచి, మెదక్ వైపు వెస్లియన్ మిషన్ ఆ తర్వాత పనిచేశాయి. ఇలాంటి సంఘాల పుస్తకాల్లో పాత పేరు, కొత్త పేరు, తల్లిదండ్రులు, పల్లె కనిపించొచ్చు. అదే పల్లెలో క్రైస్తవంలోకి రాని అన్న గురించి మాత్రం ఏ పుస్తకమూ ఉండకపోవచ్చు.

తెలంగాణలో ఇంకో దారి రక్షిత కౌలుదార్ల జాబితా. 1950 కౌలుదారీ చట్టం కింద దున్నేవాడి పేరు నమోదైంది. తర్వాత వాళ్లలో కొందరికి యాజమాన్య హక్కు వచ్చింది, ‘38-ఇ సర్టిఫికెట్’ అంటే అదే. పట్టాలో లేని మనిషి ఈ జాబితాలో ఉండొచ్చు. వెట్టి, తలారి, నీరటి లాంటి గ్రామసేవల మాన్యాల లెక్కల్లోనూ వెతకాలి.

సముద్రం దాటినవాళ్లు

విచిత్రమేమిటంటే ఊళ్లో ఏ పుస్తకానికీ ఎక్కని పేద మనిషి, ఓడెక్కితే మాత్రం పూర్తి వివరాలతో దొరుకుతాడు. మద్రాసు నుంచి వెళ్లిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలో నాటాల్ ప్రాంతంలోని డర్బన్ చేరింది. 1911 దాకా నాటాల్‌కు 1,52,184 మంది ఒప్పంద కూలీలు వెళ్లారు. పెద్ద భాగం మద్రాసు రేవు నుంచే, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఒక్కొక్కరికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఫిజీకి 1903 నుంచి మద్రాసు మీదుగా వెళ్లినవాళ్లకూ ఎమిగ్రేషన్ పాసులున్నాయి. మారిషస్ రికార్డులు అక్కడి మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి.

బర్మాకు వెళ్లినవాళ్లు అంతకంటే ఎక్కువ ఊళ్ల నుంచి, ఎక్కువ కాలం వెళ్లారు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి కూలీలను పోగుచేసే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లేవాడు. సర్కారు ఒప్పందం లేదు, కాబట్టి పాసు లేదు, నంబరు లేదు. రంగూన్‌లో ఇరవై ఏళ్లు పనిచేసిన తాత గురించి ఏ కాగితమూ దొరక్కపోవడానికి కారణం ఇది.

ఓడ కాగితాన్ని ఊరికి ముడిపెట్టడం అంత తేలిక కాదు. గుమాస్తా చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నాడు. జిల్లా గడిలో ‘గంజాం’ అని చూసి డర్బన్ కుటుంబం ఒడిశాలో వెతుకుతుంది, ఊరేమో ఇవాళ శ్రీకాకుళంలో ఉంటుంది. ‘చికాకోల్’ అంటే శ్రీకాకుళమేనని తెలియక ఆగిపోయినవాళ్లూ ఉంటారు. కులం గడిలో రాసింది కూడా కొన్నిసార్లు ఏజెంటు సౌకర్యం కోసం చెప్పించింది కావచ్చు.

నోటిమాటనా, కాగితాన్నా నమ్మేది?

రెడ్లకూ కమ్మలకూ పిచ్చిగుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు, ఆదిలాబాద్ గోండులకు తోటీలు. ఒక్కో కులానికి వంశం చెప్పే ఆశ్రిత కులం ఉంది. ఏటా ఊరికొచ్చి కథ చెప్పి, ఇంటిపేర్లు, గోత్రాలు, పెద్దల పేర్లు అప్పజెప్పి, త్యాగం (ఆ కులం ఇచ్చే కానుక) పుచ్చుకుని వెళ్లేవాళ్లు. గయ, కాశీ క్షేత్రాల్లో పండాల దగ్గర యాత్రికుల పేర్లు రాసుకున్న బహీలున్నాయి.

చరిత్ర పరిశోధకుల్లో ఒక వర్గం దీన్ని రుజువుగా ఒప్పుకోదు. ఆశ్రితుడు పోషకుడికి ఇష్టమైనదే చెబుతాడు, అందుకే ప్రతి కులమూ ఏదో ఒక రాజుకో రుషికో తేలుతుంది అంటుంది. ఇంకో వర్గం ఎదురు ప్రశ్న వేస్తుంది: కరణం మాత్రం ఎవరి ఇష్టప్రకారం రాశాడు? రాయనివాళ్ల సంగతేమిటి? రెండూ నిజమే. నాకు తోచింది, కథలో మొదటి భాగం, అంటే దేవుళ్లూ రాజులూ ఉన్న భాగం, కులం తన గురించి తాను చెప్పుకునే మాట. చివరి నాలుగైదు తరాల పేర్లు, వలస వచ్చిన ఊళ్లు వేరే సరుకు. ‘ఫలానా ఊరి నుంచి ముగ్గురన్నదమ్ములు వచ్చారు’ అన్న మాటను రిజిస్టరుతో పోల్చి చూడొచ్చు. ఇంటిపేరు ఆ ఊరి పేరే అయితే మరీ మంచిది. కాకపోతే ఒకే ఊరి పేరును నాలుగు కులాలు ఇంటిపేరుగా పెట్టుకుంటాయి, అందరూ ఒకే వంశం కాదు.

డీఎన్ఏ టెస్టు ఈ పేచీని తీర్చదు. అదే టెస్టు చేయించుకున్న దూరపు బంధువు ఎవరైనా ఉంటే చూపిస్తుంది గానీ, 1880లో పొలం అమ్మిన రామయ్య ఎవరో చెప్పదు.

ఇంట్లో ఉండిపోయిన కట్టలు

పాత రికార్డులన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టేయాలని ఒక వాదన. కులం, అప్పులు, దత్తతలు, తగాదాలు ఉన్న కాగితాలు అలా తెరిస్తే బతికున్నవాళ్లకు ఇబ్బంది, భూకబ్జాదార్లకు ఆయుధం అని ఇంకో వాదన. చట్టం ఇప్పటికే అక్కడక్కడా మధ్యదారి పట్టింది: మరణ నమోదు నకలు ఎవరైనా అడగొచ్చు గానీ, అందులో మరణ కారణం చూపించరు. స్కాన్ చేసినా ఇండెక్సు లేకపోతే, గొలుసుకట్టు రాత చదివేవాళ్లు లేకపోతే ఆ బొమ్మలతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

అసలు కొన్ని కాగితాలు ప్రభుత్వం దగ్గర లేనే లేవు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు, పటేలు, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. తరతరాలుగా ఒకే ఇంట్లో నడిచిన లెక్కలు కాబట్టి అప్పగించిన దస్త్రాలూ ఉన్నాయి, అటక మీద ఉండిపోయిన కట్టలూ ఉన్నాయి. ముప్పై ఏళ్లు దాటిన పత్రాన్ని సాక్షులు లేకుండానే నిజమైనదిగా భావించే వీలు సాక్ష్యచట్టం కోర్టుకు ఇచ్చింది, కానీ అది ఉండాల్సిన చోటి నుంచి రావాలి. పాత కరణం మనవడి ఇంట్లో దొరికిన అడంగల్ ఉండాల్సిన చోట ఉన్నట్టా, లేనట్టా అన్నదాని మీద లాయర్లు గంటలు వాదిస్తారు. వంశవృక్షం గీసుకునేవాడికి ఆ వాదనతో పనిలేదు. అందులో ముత్తాత పేరు, పక్కన తండ్రి పేరు, సర్వే నంబరు ఉంటే, దాన్ని తహసీల్దారు ఆఫీసులోని అదే ఏటి నకలుతో పోల్చి చూసుకోవచ్చు.